ఆ సెర్చ్ బాక్స్ వెనక ఎవరున్నారు?

ఆ మధ్య ఓ ఇంటర్వ్యూ ప్యానెల్‌లో కూర్చున్నాను. ఎదురుగా బీటెక్ చివరి ఏడాది కుర్రాడు. రెజ్యుమెలో ప్రాజెక్టుల కింద ఒక లైను బోల్డ్‌లో ఉంది: ఓపెన్ సోర్స్ లైబ్రరీ డాక్యుమెంటేషన్‌కు ఎలాస్టిక్‌సెర్చ్‌తో సెర్చ్ ఏర్పాటు.

'డాక్యుమెంటేషన్ మొత్తం ఎన్ని పేజీలు?' అని అడిగాను.

'అరవై దాకా ఉంటాయి సార్.'

'మరి ఎలాస్టిక్‌సెర్చే ఎందుకు తీసుకున్నావు?'

'పెద్ద కంపెనీలన్నీ అదే వాడుతున్నాయి కదా సార్.'

'సర్వర్ ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు?'

కుర్రాడు కాస్త తటపటాయించాడు. 'క్లౌడ్‌వాళ్లు ఇచ్చిన ఫ్రీ క్రెడిట్స్‌తో పెట్టాను సార్. అవి అయిపోయాయి.'

అంటే ఆ సెర్చ్ బాక్స్ పేజీ మీద ఉంది కానీ పనిచేయడం లేదు. కోడ్ బాగానే రాశాడు, కాన్ఫిగరేషన్ కూడా తెలుసు. కానీ అరవై పేజీల డాక్యుమెంటేషన్‌కు ఎలాంటి సెర్చ్ సరిపోతుందో, తాను వెళ్లిపోయాక దాన్ని ఎవరు చూసుకుంటారో ఒక్కసారి కూడా అనుకోలేదు. ప్యానెల్‌లో మిగతా ఇద్దరూ అక్కడే ఆగిపోయారు. ఉద్యోగం వేరేవాళ్లకు వెళ్లింది.

ఇది ఆ ఒక్కడి సమస్య కాదు. టూల్ పేరు రెజ్యుమెలో ఉంటే చాలనుకునే వాళ్లు మనలో చాలామంది. ఆ టూల్‌నే ఎందుకు ఎంచుకున్నారో చెప్పగలిగేవాళ్లు తక్కువ. డాక్యుమెంటేషన్ సెర్చ్ చూడటానికి చిన్న పనిలా కనిపిస్తుంది. లైసెన్సులు, ఖర్చు, నిర్వహణ, భాష, ఇప్పుడు ఏఐ, ఇన్నీ ఆ చిన్న డబ్బాలో కలుస్తాయి. గత ఐదారేళ్లలో ఈ రంగంలో జరిగిన మార్పులు చూస్తే, ఎంపిక తప్పితే ఏమవుతుందో బాగానే అర్థమవుతుంది.

గూగుల్ ఉండగా వేరే సెర్చ్ ఎందుకు?

న్యాయమైన ప్రశ్నే. మనలో ఎక్కువమంది ఎర్రర్ మెసేజ్‌ను కాపీ చేసి నేరుగా గూగుల్‌లో వేసేస్తాం. కానీ డాక్యుమెంటేషన్‌లో వెతికే మనిషి అవసరం వేరు. అతనికి వార్తలు అక్కర్లేదు, బ్లాగులు అక్కర్లేదు. తాను వాడుతున్న వెర్షన్‌లో, తనకు కావలసిన ఫంక్షన్ ఉన్న పేజీ కావాలి. మీ కంపెనీ ప్రాజెక్టు జాంగో 4.2 మీద నడుస్తుంటుంది. గూగుల్ మిమ్మల్ని ఎప్పటిదో పాత వెర్షన్ పేజీకి పంపిస్తుంది. అక్కడున్న కోడ్ కాపీ చేస్తే పనిచేయదు. గంట పోతుంది.

పైగా డాక్యుమెంటేషన్‌లో వెతికే పదాలు మామూలు పదాలు కావు. అండర్‌స్కోర్‌లు, చుక్కలు, బాణం గుర్తులు, పెద్దక్షరం మధ్యలో వచ్చే పేర్లు. సాధారణ సెర్చ్ ఇంజిన్ ఈ గుర్తులను చెత్తగా భావించి తీసేస్తుంది. ప్రోగ్రామర్‌కు ఆ గుర్తే ముఖ్యం.

గూగుల్ మీదే ఆధారపడిన సైట్లు లేకపోలేదు. 'గూగుల్ సైట్ సెర్చ్' పేరుతో డబ్బు కట్టి వాడుకునే సేవ ఒకటి ఉండేది. సొంత సైట్‌లో ప్రకటనలు లేని గూగుల్ సెర్చ్ పెట్టుకునే వీలుండేది. 2017లో దాన్ని అమ్మడం ఆపేశారు, 2018లో పూర్తిగా మూసేశారు. దాన్ని నమ్ముకున్నవాళ్లంతా ప్రకటనలతో కూడిన ఉచిత రూపానికైనా మారాలి, లేదా వేరే దారి వెతుక్కోవాలి. డబ్బు కట్టినా సరే, నిర్ణయం మాత్రం మన చేతిలో లేదు.

అసలు సెర్చ్ ఎలా పనిచేస్తుందో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. పాఠ్యపుస్తకాల చివర పదసూచి ఉంటుంది చూడండి, ఒక్కో పదం ఎదురుగా అది వచ్చిన పేజీ నంబర్లతో. సెర్చ్ ఇంజిన్ చేసేదీ అదే. దాన్ని ఇన్వర్టెడ్ ఇండెక్స్ అంటారు. ఆ పైన ఏ పేజీని ముందు చూపించాలో లెక్కగట్టే సూత్రం ఒకటి ఉంటుంది, ఎక్కువచోట్ల దాని పేరు బీఎం25. అరుదైన పదానికి ఎక్కువ మార్కులు, ప్రతి పేజీలో కనిపించే పదానికి తక్కువ మార్కులు. ఇంటర్వ్యూలో ఈ పాటి వివరించగలిగితే సగం పని అయినట్టే.

ఇక అడగాల్సింది ఒకటే. ఆ పదసూచి ఎక్కడ ఉంటుంది? చదివేవాడి బ్రౌజర్‌లోనా, వేరే కంపెనీ సర్వర్‌లోనా, మన సర్వర్‌లోనా? ఇంజిన్ల పేర్లు ఎన్ని ఉన్నా అన్నీ ఈ మూడింట్లో ఏదో ఒక దాని కిందికి వస్తాయి.

బ్రౌజర్‌లోనే పని పూర్తి

పైథాన్ భాష అధికారిక డాక్యుమెంటేషన్ తెరిచి ఏదైనా వెతకండి. ఆ వెతుకులాట జరిగేది మీ బ్రౌజర్‌లోనే. దాన్ని తయారుచేసే స్ఫింక్స్ అనే టూల్, పేజీలు సిద్ధం చేసేటప్పుడే పదసూచిని ఒక జావాస్క్రిప్ట్ ఫైల్‌గా రాసిపెడుతుంది. మీరు వెతికినప్పుడు ఆ ఫైల్ మీ దగ్గరికి వస్తుంది. సర్వర్ లేదు, నెలవారీ బిల్లు లేదు. మరో ప్రసిద్ధ టూల్ ఎంకేడాక్స్ లునర్ అనే లైబ్రరీతో ఇదే పని చేస్తుంది. రస్ట్ భాష పుస్తకాన్ని తయారుచేసే ఎండీబుక్‌లో ఉన్నదీ ఈ తరహా సెర్చే. వైట్‌ప్రెస్‌లో మినీసెర్చ్ ఉంది.

చిన్న ప్రాజెక్టుకు ఇంతకంటే హాయి లేదు. చిక్కు ఎక్కడంటే, పేజీలు పెరిగేకొద్దీ పదసూచి ఫైల్ కూడా పెరుగుతుంది. ఒక్క పదం వెతకడానికి మొత్తం సూచి డౌన్‌లోడ్ కావాలి. రోజుకు జీబీన్నర డేటా ప్యాక్‌తో, హాస్టల్ మూలన సిగ్నల్ వెతుక్కుంటూ ఫోన్‌లో డాక్యుమెంటేషన్ చదివే విద్యార్థికి ఇది భారమే. డాక్యుమెంటేషన్ రాసేవాళ్లు మంచి ఇంటర్నెట్ ఉన్న గదుల్లో కూర్చుని రాస్తారు కాబట్టి చాలాసార్లు ఈ ఇబ్బంది వాళ్ల కంటపడదు.

ఈ ఇబ్బందికి 2022లో ఒక తెలివైన పరిష్కారం వచ్చింది. పేరు పేజ్‌ఫైండ్. క్లౌడ్‌కానన్ అనే సంస్థ రస్ట్ భాషలో తయారుచేసి ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసింది. ఇది పదసూచిని చిన్న చిన్న ముక్కలుగా కోసి పెడుతుంది. మీరు 'క'తో మొదలయ్యే పదం వెతికితే ఆ ముక్క మాత్రమే దిగుతుంది. పది వేల పేజీల సైట్‌లో వెతికినా మొత్తం 300 కేబీ లోపే ఖర్చవుతుందని దాని తయారీదారుల మాట. ఆస్ట్రో వాళ్ల డాక్యుమెంటేషన్ థీమ్ స్టార్‌లైట్‌లో ఇదే డిఫాల్ట్ సెర్చ్.

నన్నడిగితే, ఫ్రెషర్ చేసే ఏ డాక్యుమెంటేషన్ ప్రాజెక్టుకైనా మొదట చూడాల్సింది ఇక్కడే. ఇది సరిపోదని తేలాకే మిగతా రెండు దారుల వైపు వెళ్లాలి.

ఉచితం అంటే ఎవరి ఖర్చు?

రియాక్ట్, వ్యూ, బూట్‌స్ట్రాప్, టెయిల్‌విండ్ సీఎస్‌ఎస్. వీటిలో ఏ డాక్యుమెంటేషన్ తెరిచినా సెర్చ్ బాక్స్ ఒకేలా అనిపిస్తుంది. కంట్రోల్ కే నొక్కితే తెర మధ్యలో పెట్టె తెరుచుకుంటుంది, అక్షరం అక్షరానికీ ఫలితాలు మారుతుంటాయి, కింద ఓ మూలన చిన్న లోగో ఉంటుంది. అది ఆల్గోలియా. 2012లో పారిస్‌లో మొదలైన ఈ కంపెనీ డాక్‌సెర్చ్ అనే సేవను ఓపెన్ సోర్స్ డాక్యుమెంటేషన్లకు డబ్బు తీసుకోకుండా ఇస్తోంది. దరఖాస్తు చేసుకుంటే చాలు, వాళ్ల క్రాలర్ సాధారణంగా వారానికోసారి వచ్చి పేజీలన్నీ చదివి పదసూచి తయారుచేస్తుంది. ఫలితాలు వాళ్ల సర్వర్ల నుంచి వస్తాయి. ఫేస్‌బుక్ నుంచి వచ్చిన డాక్యుసారస్ టూల్‌లో దీన్ని అమర్చుకోవడానికి నాలుగు లైన్ల సెట్టింగ్ చాలు.

నిజం చెప్పాలంటే నాణ్యతలో దీనికి సాటి వచ్చేవి తక్కువ. అక్షరం తప్పు కొట్టినా సరైన పేజీ చూపిస్తుంది. అందుకే అందరూ దీన్నే తీసుకున్నారు.

మరి ఖర్చు? వాళ్లకేమీ తెలియక ఇవ్వడం లేదు. రోజూ ఈ సెర్చ్ వాడి మెచ్చుకున్న డెవలపర్, రేపు తన కంపెనీకి సెర్చ్ కావాల్సి వచ్చినప్పుడు ఎవరి పేరు చెబుతాడు? ఆ లోగో అందుకే. ఇందులో తప్పేమీ లేదు, ఇరువైపులా లాభమే. కాకపోతే కొన్ని సంగతులు గుర్తుంచుకోవాలి. డాక్‌సెర్చ్ పెట్టె కోడ్ ఓపెన్ సోర్సే కానీ, దాని వెనక ఉన్న ఆల్గోలియా ఇంజిన్ ఓపెన్ సోర్స్ కాదు. మన పాఠకులు ఏం వెతుకుతున్నారో వాళ్ల సర్వర్‌కు తెలుస్తుంది. పేజీ మార్చిన వెంటనే సెర్చ్‌లో మార్పు కనిపించకపోవచ్చు, క్రాలర్ వచ్చేదాకా ఆగాలి. షరతులు రేపు మారితే మనం చేయగలిగింది ఏమీ ఉండదు.

అందువల్ల వద్దనేయాలా? అక్కర్లేదు. నలుగురు వలంటీర్లు రాత్రిళ్లు నడుపుకునే ప్రాజెక్టుకు ఇలాంటి సేవ వరమే. బయటికొచ్చే తలుపు ఎక్కడుందో తెలుసుకుని లోపలికి వెళ్లాలి, అంతే. డాక్యుమెంటేషన్ మామూలు మార్క్‌డౌన్ ఫైళ్లలో ఉంటే, రేపు ఆల్గోలియా తీసి పేజ్‌ఫైండ్ పెట్టడం ఒక పూట పని.

హోస్టింగ్‌తో పాటు సెర్చ్ కూడా ఇచ్చేవాళ్లు మరికొందరున్నారు. 2010లో మొదలైన రీడ్ ద డాక్స్ అలాంటిదే. వేల ప్రాజెక్టుల డాక్యుమెంటేషన్‌ను ఉచితంగా ఉంచుతుంది, వాటన్నింటికీ కలిపి వెనక ఎలాస్టిక్‌సెర్చ్ నడుపుతుంది. ఖర్చు ప్రకటనల మీద. అంత పెద్ద పదసూచికి ఎలాస్టిక్‌సెర్చ్ సరైన ఎంపికే. మన కుర్రాడి అరవై పేజీలకూ, దీనికీ తేడా అదే.

ఎలాస్టిక్‌సెర్చ్ కథ

ఇంటర్వ్యూల్లో ఈ పేరు ఎక్కువగా వినిపిస్తుంది కాబట్టి కొంచెం వివరంగా చూద్దాం.

దీని పునాది లూసీన్ అనే లైబ్రరీ. 1999లో డగ్ కటింగ్ రాశారు, తర్వాత హడూప్ తెచ్చిందీ ఆయనే. లూసీన్‌ను వాడటం అంత తేలిక కాదు. షే బానన్ అనే ఇంజినీర్ దాని చుట్టూ తేలికైన పైపొర కట్టారు. భార్య వంట కోర్సు చదువుతుంటే ఆమె వంటకాలు వెతుక్కోవడానికి ఓ యాప్ రాయబోయి ఈ దారిలో పడ్డానని ఆయనే చెబుతుంటారు. 2010లో ఎలాస్టిక్‌సెర్చ్ అపాచీ 2.0 లైసెన్స్‌తో వచ్చింది. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా అమ్ముకోవచ్చు. అలాగే వాడుకున్నారు, అమెజాన్ తన క్లౌడ్‌లో దాన్ని ఒక సేవగా అమ్మింది.

2021 జనవరిలో కథ మలుపు తిరిగింది. ఇకపై అపాచీ లైసెన్స్ ఉండదని ఎలాస్టిక్ కంపెనీ ప్రకటించింది. 7.11 వెర్షన్ నుంచి కొత్త షరతులు. అందులో ఒకటైన ఎస్‌ఎస్‌పీఎల్ లైసెన్స్‌ను ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ ఓపెన్ సోర్స్‌గా గుర్తించలేదు. అమెజాన్ ఊరుకోలేదు. పాత వెర్షన్‌ను తీసుకుని ఓపెన్‌సెర్చ్ పేరుతో విడిగా నడపడం మొదలుపెట్టింది. అదే ఏడాది జులైలో 1.0 వచ్చింది. 2024 ఆగస్టు చివర్లో ఎలాస్టిక్ వెనక్కి తగ్గి ఏజీపీఎల్‌ను కూడా ఒక లైసెన్స్‌గా చేర్చింది. సెప్టెంబరులో ఓపెన్‌సెర్చ్ లైనక్స్ ఫౌండేషన్ గొడుగు కిందికి వెళ్లింది.

ఇదంతా మనకెందుకు అంటారా? 2021లో ఎలాస్టిక్‌సెర్చ్ మీద కట్టుకున్న ప్రతి బృందం ఆగి ఆలోచించాల్సి వచ్చింది. పాత వెర్షన్‌లోనే ఉండిపోవాలా, కొత్త షరతులు ఒప్పుకోవాలా, ఓపెన్‌సెర్చ్‌కు మారాలా? పని ఒక్క లైను కూడా ముందుకు కదలకుండా వారాలు పోయాయి. రెడిస్ 2024 మార్చిలో ఇదే బాట పట్టింది, 2025లో మళ్లీ ఏజీపీఎల్ చేర్చింది. ఇప్పుడు కంపెనీలు కొత్త టూల్ తీసుకునే ముందు లైసెన్స్ ఎవరి చేతిలో ఉందని అడుగుతున్నాయి. ఒకే కంపెనీ చేతిలో ఉందా, ఫౌండేషన్ చేతిలో ఉందా? కోడ్ పంపేవాళ్లు హక్కులు రాసిచ్చే ఒప్పందం మీద సంతకం చేయాలా? ఫ్రెషర్ నోట ఈ ప్రశ్న వస్తే ఇంటర్వ్యూయర్ కుర్చీలో కాస్త ముందుకు జరుగుతాడు. చూశాను కాబట్టి చెబుతున్నాను.

సొంత సర్వర్‌లో నడపాలనుకునేవాళ్లకు ఇంకొన్ని తేలికైన దారులున్నాయి. సీ ప్లస్ ప్లస్‌లో రాసిన టైప్‌సెన్స్ జీపీఎల్ లైసెన్స్‌తో వస్తుంది. పదసూచి మొత్తాన్ని ర్యామ్‌లో ఉంచుతుంది కాబట్టి వేగం ఎక్కువ, ర్యామ్ ఖర్చూ ఉంటుంది. ఆల్గోలియా పాత క్రాలర్‌ను ఫోర్క్ చేసి తమకు తగ్గట్టు మార్చుకున్నారు వీళ్లు. ఫ్రాన్స్ నుంచి వచ్చిన మెయిలీసెర్చ్ రస్ట్‌లో రాసింది, కమ్యూనిటీ ఎడిషన్ ఎమ్‌ఐటీ లైసెన్స్‌లో దొరుకుతుంది. రెండూ అక్షరదోషాలను సర్దుకుంటాయి, రెండింటినీ ఓ సాయంత్రం కూర్చుంటే నడిపించేయొచ్చు.

నడిపించడం తేలికే. నడుపుతూ ఉండటమే కష్టం. అర్ధరాత్రి డిస్క్ నిండిపోతే ఎవరు లేస్తారు? సెక్యూరిటీ అప్‌డేట్ ఎవరు వేస్తారు? జాంగో ప్రాజెక్టు దీనికి మంచి ఉదాహరణ. వాళ్ల డాక్యుమెంటేషన్ సైట్ ఒకప్పుడు ఎలాస్టిక్‌సెర్చ్ వాడేది. తర్వాత దాన్ని తీసేసి, సైట్‌కు ఎలాగూ ఉన్న పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోని ఫుల్ టెక్స్ట్ సెర్చ్‌తోనే సరిపెట్టుకున్నారు. ఫీచర్లు కొన్ని తగ్గితే తగ్గాయి. చూసుకోవాల్సిన సర్వర్ ఒకటి తగ్గింది. ప్రపంచంలో పేరున్న ప్రాజెక్టే అలా చేస్తే, కాలేజీ ప్రాజెక్టుకు క్లస్టర్ ఎందుకో మీరే చెప్పండి.

పేజీ తెలుగులో ఉంటే...

ఇంతవరకు చెప్పుకున్నదంతా ఇంగ్లిష్ డాక్యుమెంటేషన్ గురించి. ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ లాంటివి తెలుగులోనూ దొరుకుతున్నాయి. తెలుగులో సహాయ పేజీలు, పాఠాలు రాసేవాళ్లు పెరుగుతున్నారు. వాటికి సెర్చ్ పెట్టి చూడండి, అసలు సినిమా అప్పుడు మొదలవుతుంది.

ఇందాక చెప్పిన లునర్ లైబ్రరీనే తీసుకోండి. అందులో ట్రిమ్మర్ అనే చిన్న ఫంక్షన్ ఉంది. పదం ముందూ వెనకా ఉన్న కామాలు, చుక్కలు తీసేయడం దాని పని. అయితే ఏది అక్షరం, ఏది కాదో అది ఇంగ్లిష్ లెక్కలోనే చూస్తుంది. దాని దృష్టిలో 'అ' నుంచి 'ఱ' దాకా మన వర్ణమాల మొత్తం కామాతో సమానం. కాబట్టి తెలుగు పదాన్ని ముందు నుంచీ వెనక నుంచీ కత్తిరించుకుంటూ పోయి చివరకు ఏమీ మిగల్చదు. ఎర్రర్ రాదు. సెర్చ్ పెట్టె కనిపిస్తూనే ఉంటుంది, ఎంత వెతికినా సున్నా ఫలితాలు. దీనికోసమే లునర్ లాంగ్వేజెస్ అనే విడి ప్యాకేజీ ఉంది, అందులో తమిళం, కన్నడంతో పాటు తెలుగు కూడా చేరింది. సెట్టింగ్‌లో భాష పేరు రాయాలని తెలియక వదిలేసేవాళ్లే ఎక్కువ.

రెండో చిక్కు ఇంకా తమాషాగా ఉంటుంది. 'సాఫ్ట్‌వేర్' అని టైప్ చేసేటప్పుడు కొందరు 'ట్' తర్వాత కంటికి కనిపించని ఒక అక్షరం వేస్తారు, ఒత్తు పడకుండా ఆపడానికి. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. కొందరు అది లేకుండా 'సాఫ్ట్వేర్' అని వత్తుతో రాస్తారు. చదివేవాళ్లకు రెండూ ఒకటే. ముందుగా శుభ్రం చేసే ఏర్పాటు లేకపోతే ఇంజిన్‌కు మాత్రం అవి రెండు వేర్వేరు పదాలు. మీరు ఫోన్ కీబోర్డులో ఒకలా కొట్టారు, పేజీ రాసినవాళ్లు ల్యాప్‌టాప్‌లో ఇంకోలా కొట్టారు. దొరకదు.

ఇక విభక్తులు. ఫైలు, ఫైల్‌ను, ఫైల్‌లో, ఫైళ్లు, ఫైళ్లకు. ఇంగ్లిష్‌లో చివరి 'ఎస్' తీసేస్తే సరిపోయే చోట మనకు పెద్ద జాబితా కావాలి. లూసీన్‌లో ఇప్పుడు తెలుగు కోసం ప్రత్యేకంగా ఒక అనలైజర్ ఉంది. పదాల మూలరూపం పట్టుకోవడానికి ప్రయత్నిస్తుంది. అది ఎంతవరకు పనికొస్తుందో నిజమైన తెలుగు పేజీల మీద పెట్టి చూసి, తప్పులు పట్టి రాయగలిగేవాళ్లు కావాలి. ఆ పని అమెరికాలోనో జర్మనీలోనో కూర్చున్న ఇంజినీర్‌కు చేతకాదు. వరంగల్‌లోనో, విజయనగరంలోనో చదువుకుంటున్న మీకు చేతనవుతుంది. ఓపెన్ సోర్స్‌లో మొదటి అడుగు ఎక్కడ వేయాలా అని చూస్తున్నవాళ్లకు ఇంత ఖాళీ చోటు మరెక్కడా దొరకదు. (మన పత్రికలే ఏళ్లపాటు యూనికోడ్ కాని ఫాంట్లలో అచ్చయ్యాయి. పాత పీడీఎఫ్‌లో ఒక్క పదం వెతికి చూడండి, మేం ఎంత వెనకబడ్డామో తెలుస్తుంది.)

ఏఐని అడిగేస్తే పోలా?

క్లాసులో ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు. నిజమే, ఇప్పుడు చాలామంది డాక్యుమెంటేషన్ తెరవడమే మానేశారు. ఎడిటర్‌లోనే అసిస్టెంట్‌ను అడుగుతున్నారు.

దీని దెబ్బ ఎలా ఉంటుందో 2026 జనవరిలో బయటపడింది. టెయిల్‌విండ్ సీఎస్‌ఎస్ సృష్టికర్త ఆడమ్ వాథన్ తమ ఇంజినీరింగ్ బృందంలో 75 శాతం మందిని తీసేయాల్సి వచ్చిందని చెప్పారు. బృందం చిన్నదే, అయినా శాతం చిన్నది కాదు. టెయిల్‌విండ్ వాడకం ఎన్నడూ లేనంతగా పెరిగింది, డాక్యుమెంటేషన్‌కు వచ్చేవాళ్లు మాత్రం 2023 ఆరంభంతో పోలిస్తే దాదాపు 40 శాతం తగ్గారని ఆయన వివరణ. వాళ్ల పెయిడ్ ఉత్పత్తుల గురించి జనానికి తెలిసేది ఆ డాక్యుమెంటేషన్ పేజీల ద్వారానే. పేజీకి రాకపోతే కొనేవాళ్లూ లేరు. ఏఐ టూల్స్ తేలికగా చదువుకునేలా డాక్యుమెంటేషన్‌ను ఒకే టెక్స్ట్‌గా ఇవ్వాలన్న ప్రతిపాదన మీద చర్చ జరుగుతున్నప్పుడే ఆయన ఈ మాట చెప్పారు. పాఠకులు రాని పేజీలను ఇంకా తేలికగా తీసుకెళ్లేలా చేయమంటే ఆయనకు ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇది చూసి సెర్చ్ నేర్చుకోవడం దండగ అనుకుంటే పొరపాటు. డాక్యుమెంటేషన్ మీద ప్రశ్నలకు జవాబిచ్చే ఏఐ బాట్ లోపల ఏం జరుగుతుంది? ముందు మీ ప్రశ్నకు సంబంధించిన పేరాలను వెతికి తెస్తుంది, తర్వాత వాటి ఆధారంగా జవాబు రాస్తుంది. ఆ వెతికి తెచ్చే భాగం తప్పు పేజీ తెస్తే జవాబు ఎంత అందంగా రాసినా తప్పే. ఎలాస్టిక్‌సెర్చ్, ఓపెన్‌సెర్చ్, టైప్‌సెన్స్, మెయిలీసెర్చ్ అన్నింటిలోనూ ఇప్పుడు అర్థాన్ని బట్టి వెతికే వెక్టర్ సెర్చ్ ఉంది. దాన్ని పాత పదసూచితో కలిపి వాడటం మామూలైపోయింది. ఎందుకంటే ఎర్రర్ కోడ్, ఫంక్షన్ పేరు లాంటివి ఉన్నవి ఉన్నట్టుగా పట్టుకోవడంలో పాత పద్ధతే నమ్మకం. కంపెనీల ఉద్యోగ ప్రకటనల్లో 'ర్యాగ్' అని కనిపించినప్పుడు దాని మొదటి అక్షరం రిట్రీవల్‌ది, అంటే ఈ వెతుకులాటదేనని గుర్తుంచుకోండి.

ఓ వారాంతం చాలు

ఏదైనా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు డాక్యుమెంటేషన్ తీసుకోండి. మీరు నిజంగా వాడేదైతే మేలు. దాని గిట్‌హబ్ ఇష్యూల్లో కొత్తవాళ్లు అడిగిన ప్రశ్నలు చదివి, వాళ్లు సెర్చ్ బాక్స్‌లో ఏమని కొట్టి ఉంటారో పాతికో ముప్ఫయ్యో మాటలు రాసుకోండి. డాక్యుమెంటేషన్ రాసినవాళ్ల భాషలో కాదు, ఇబ్బందిలో ఉన్నవాడి భాషలో. ఒక్కోదానికి సరైన పేజీ ఏదో పక్కన గుర్తు పెట్టండి. ఇప్పుడు డాక్యుమెంటేషన్‌ను మీ ల్యాప్‌టాప్‌లో తయారుచేసి రెండు ఇంజిన్లతో పరీక్షించండి. సరైన పేజీ మొదటి మూడు ఫలితాల్లో వచ్చిందా లేదా, అంతే లెక్క. పదసూచి ఎంత బరువుందో, నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు ఎంతసేపు పట్టిందో కూడా రాసుకోండి. బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్ వేగం తగ్గించి చూసే వీలుంది.

తర్వాత ఒక్క పేజీ నోట్ రాయండి. ఎన్ని పేజీలు, ఎవరు చదువుతారు, ఎవరు నడుపుతారు, లైసెన్స్ ఏమిటి, ఏది ఎంచుకున్నాను, ఏది వద్దన్నాను, ఎందుకు. ఇంటర్వ్యూలో చూపించడానికి ఇంతకు మించిన కాగితం ఉండదు. సెర్చ్ ఇంజినీర్ ఉద్యోగానికే కాదు, టెక్నికల్ రైటర్, డెవలపర్ రిలేషన్స్, మామూలు బ్యాకెండ్ పోస్టుకైనా పనికొస్తుంది. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌కు దరఖాస్తు రాసేవాళ్లకు ఇలాంటి నోటే ప్రతిపాదనకు ఆధారమవుతుంది. 2022 నుంచి అది విద్యార్థులకే కాకుండా ఓపెన్ సోర్స్‌కు కొత్తగా వచ్చే పెద్దవాళ్లకూ తెరిచే ఉంది.

ఒక జాగ్రత్త. ఉత్సాహం కొద్దీ ఆ ప్రాజెక్టువాళ్ల సెర్చ్ మొత్తం మార్చేసి నేరుగా పుల్ రిక్వెస్ట్ పంపకండి. రేపు అది చెడిపోతే బాగుచేయాల్సింది వాళ్లు. ముందు ఇష్యూలో మీ లెక్కలు పెట్టి, 'ఈ మార్పు మీకు అవసరమేనా?' అని అడగండి. అక్కర్లేదంటే మీ నోట్ మీ దగ్గరే ఉంటుంది, పోయేదేమీ లేదు.

మొదట్లో చెప్పిన కుర్రాడు ఆ ఇంటర్వ్యూ అయ్యాక మెయిల్ పెట్టాడు. ఏం చేసి ఉండాల్సింది సార్ అని. పైన రాసినదే అతనికీ రాశాను. కొన్ని వారాలకు జవాబొచ్చింది. ఎలాస్టిక్‌సెర్చ్ తీసేసి పేజ్‌ఫైండ్ పెట్టాడట. ప్రశ్నల జాబితాతో పరీక్షిస్తే ఎక్కువభాగం బాగానే వచ్చాయి, ఓ ఆరు మాత్రం రాలేదు. రెండో ఇంజిన్‌తో చూసినా అవే ఆరు రాలేదు. ఆ పేజీలు తెరిచి చదివితే విషయం తెలిసింది. కొత్తవాళ్లు 'ఇన్‌స్టాల్ అవ్వట్లేదు' అని వెతుకుతుంటే, పేజీలో ఆ మాటే లేదు, 'పర్యావరణ ప్రాథమిక సన్నద్ధత' తరహా బరువైన ఇంగ్లిష్ శీర్షిక ఉంది. ఆరు పేజీల శీర్షికలు మార్చి పంపాడు. సెర్చ్ మార్పు ఇంకా చర్చలో ఉంది కానీ, ఆ ఆరు శీర్షికలను మాత్రం ప్రాజెక్టువాళ్లు అదే రోజు తీసుకున్నారట.